రైతు ఉత్పత్తిదారుల కంపెనీకి నమోదిత కార్యాలయం: చిరునామా ఎంపికలో గమనించవలసిన అంశాలు

రైతు ఉత్పత్తిదారుల కంపెనీని స్థాపించే దశలో ప్రవర్తక రైతుల దృష్టి సాధారణంగా సభ్యుల సంఖ్య, వాటా ధనం, చేపట్టబోయే వ్యాపారం అనే మూడు అంశాలపై నిలుస్తుంది. దరఖాస్తులో చిరునామా గడి వచ్చేసరికి అప్పటికి అందుబాటులో ఉన్న ఒక తలుపు సంఖ్యను రాసి ముందుకు సాగడం పరిపాటి. చాలా సందర్భాలలో అది జిల్లా కేంద్రంలోని ప్రోత్సాహక సంస్థ కార్యాలయమో, లెక్కలు చూసే ఆడిటర్ గదియో, తొలి డైరెక్టర్లలో ఒకరి ఇల్లో అవుతుంది. ఆ గడిలో రాసిన ఊరి పేరును బట్టి సర్వసభ్య సమావేశం ఎక్కడ జరగాలి, లెక్కల పుస్తకాలు ఎక్కడ ఉండాలి, ప్రభుత్వ నోటీసు ఎవరి చేతికి అందుతుంది అనేవి నిర్ణయమవుతాయి. అందువల్ల చిరునామా ఎంపికను దరఖాస్తులోని లాంఛనంగా కాక, పాలక మండలి చర్చించి తీసుకోవలసిన తొలి నిర్ణయాలలో ఒకటిగా పరిగణించాలి.

2002లో కంపెనీల చట్టానికి చేసిన సవరణతో ఉత్పత్తిదారుల కంపెనీ అనే రూపం దేశంలో ఏర్పడింది. ప్రస్తుతం ఈ కంపెనీలకు వర్తించే నిబంధనలు 2020 సవరణ ద్వారా కంపెనీల చట్టం, 2013లో చేరిన 21ఎ అధ్యాయంలో ఉన్నాయి. కనీసం పదిమంది ఉత్పత్తిదారులు కలిసి ఇటువంటి కంపెనీని నెలకొల్పవచ్చు. 2020లో కేంద్ర ప్రభుత్వం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల ఏర్పాటు పథకాన్ని ప్రారంభించిన తరువాత తెలుగు రాష్ట్రాలలోనూ వీటి సంఖ్య పెరిగింది. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘాలకు వేరే నియమాలు ఉన్నందున, ఈ వ్యాసం కంపెనీ రూపంలో నమోదైన సంఘాలకే పరిమితం.

నమోదిత కార్యాలయం – చట్టం కోరేది

రిజిస్టర్డ్ ఆఫీసు అని వ్యవహారంలో పిలిచే నమోదిత కార్యాలయం కంపెనీకి చట్టం గుర్తించిన నివాస స్థలం. కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఏర్పడిన 30 రోజులలోగా, ఆ తరువాత ఎల్లవేళలా, తనకు వచ్చే ఉత్తరాలను, నోటీసులను స్వీకరించి అందినట్లు తెలియజేయగల కార్యాలయం ఉండాలి. ఇక్కడ కీలకమైనది స్వీకరించగలగడం. తలుపు సంఖ్య ఉండి, తలుపు తీసే మనిషి లేని గది ఈ షరతును నెరవేర్చదు.

నమోదు దరఖాస్తుతోనే ఈ చిరునామాను తెలియజేయవచ్చు. అప్పటికి స్థలం ఖరారు కాకపోతే, ఉత్తరప్రత్యుత్తరాల చిరునామా మాత్రమే ఇచ్చి, 30 రోజులలోగా ఐఎన్‌సీ-22 అనే ఈ-ఫారం ద్వారా నమోదిత కార్యాలయాన్ని ధ్రువీకరించవచ్చు. తొందరపడి తాత్కాలిక చిరునామాను శాశ్వతంగా ఇవ్వడం కంటే ఈ గడువును వినియోగించుకోవడం మేలు. అయితే చిరునామా ధ్రువీకరణ పూర్తికాకుండా కంపెనీ వ్యాపారం ప్రారంభించరాదు, అప్పు తీసుకోరాదు. ఖరీఫ్‌కు ముందు ఎరువులు, విత్తనాల వ్యాపారం మొదలుపెట్టదలచిన కంపెనీలు ఈ విషయాన్ని దృష్టిలో ఉంచుకొని తేదీలను లెక్కించుకోవాలి.

కార్యాలయం వెలుపల కంపెనీ పేరు, చిరునామా స్పష్టంగా కనిపించేలా బోర్డు ఉండాలి. ఆ ప్రాంతంలో సాధారణంగా వాడే భాషలో కూడా అది ఉండాలని చట్టం చెబుతున్నది. కనుక తెలుగు ప్రాంతాలలో ఇంగ్లీషు బోర్డు ఒక్కటే పెడితే సరిపోదు. ఉత్తరాలపైన, బిల్లులపైన కంపెనీ పేరు, నమోదిత చిరునామా, 21 అక్షరాంకెల కంపెనీ గుర్తింపు సంఖ్య, ఫోను నంబరు, ఈ-మెయిల్ ముద్రించాలి. ఈ నిబంధనలను పాటించకపోతే రోజుకు 1,000 రూపాయల చొప్పున, గరిష్ఠంగా లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటుంది. అది కంపెనీకే కాక బాధ్యులైన అధికారులకూ వర్తిస్తుంది. ఉత్పత్తిదారుల కంపెనీలకు ఈ జరిమానా సగానికి మించరాదన్న సడలింపు ఉన్నది.

సర్వసభ్య సమావేశంతో చిరునామాకు ఉన్న సంబంధం

ఉత్పత్తిదారుల కంపెనీల విషయంలో చిరునామాకు అదనపు ప్రాధాన్యం ఉండటానికి ప్రధాన కారణం సర్వసభ్య సమావేశం. వార్షిక సర్వసభ్య సమావేశాన్ని నమోదిత కార్యాలయంలో గాని, ఆ కార్యాలయం ఉన్న గ్రామం, పట్టణం లేదా నగరం పరిధిలోని మరొక చోట గాని జరపాలి. అది సెలవు దినం కాని రోజున, పనివేళలలో జరగాలి. సంఘ నియమావళి అంతకంటే ఎక్కువ కోరితే తప్ప, మొత్తం సభ్యులలో నాలుగో వంతు హాజరైతేనే కోరం పూర్తవుతుంది. తొలి వార్షిక సమావేశం కంపెనీ ఏర్పడిన 90 రోజులలోగా జరగాలి.

ఈ షరతులను కలిపి చూస్తే చిరునామా ఎంపికలోని బరువు అర్థమవుతుంది. 400 మంది సభ్యులున్న కంపెనీకి కనీసం 100 మంది ఒకే పనిదినాన ఒకే చోట చేరాలి. కార్యాలయం సభ్యుల గ్రామాల నడుమ ఉంటే పాఠశాల ఆవరణలోనో, కల్యాణ మండపంలోనో సభ జరుపుకోవచ్చు. కార్యాలయం జిల్లా కేంద్రంలో నమోదై ఉంటే ఆ వందమందీ పనులు మానుకొని పట్టణానికి వెళ్లాలి. వరినాట్ల వేళ, పత్తి తీతల వేళ ఇది సాధ్యం కాదు. కోరం లేని సభ లెక్కలను ఆమోదించలేదు, డైరెక్టర్లను ఎన్నుకోలేదు. రాని సభ్యులు వచ్చినట్లు సంతకాలు సేకరించే దురలవాటు సాధారణంగా ఇటువంటి పరిస్థితిలోనే మొదలవుతుంది. రైతు తన కంపెనీకి యజమానిగా ప్రశ్న అడగగలిగే వేదిక సర్వసభ్య సమావేశమే. అది కాగితాలకు పరిమితమైనప్పుడు యాజమాన్యం కూడా కాగితాలకే పరిమితమవుతుంది.

లెక్కల పుస్తకాలకూ ఇదే వర్తిస్తుంది. వచ్చిన సొమ్ము, ఖర్చయిన సొమ్ము, సరుకుల క్రయవిక్రయాలు, ఆస్తులు, అప్పుల వివరాలు తెలిపే పుస్తకాలను ఉత్పత్తిదారుల కంపెనీ తన నమోదిత కార్యాలయంలో ఉంచాలి. పుస్తకాలు పట్టణంలోని ఆడిటర్ బీరువాలో, సభ్యులు పల్లెలో ఉంటే ధాన్యం తూకం, కమీషను, బోనస్ లెక్కలపై సందేహం వచ్చిన రైతుకు సమాధానం దొరకదు.

ఉచిత గది – ఒక ఊహాత్మక లెక్క

జిల్లా కేంద్రంలో అద్దె లేకుండా గది దొరుకుతున్నప్పుడు మండల గ్రామంలో అద్దె చెల్లించడం ఎందుకన్న ప్రశ్న పాలక మండళ్లలో తరచుగా వస్తుంది. దీనిని ఒక ఊహాత్మక ఉదాహరణతో పరిశీలించవచ్చు. 400 మంది సభ్యులు, 10 మంది డైరెక్టర్లు ఉన్న కంపెనీకి రెండు అవకాశాలు ఉన్నాయనుకుందాం. మొదటిది 45 కిలోమీటర్ల దూరంలోని జిల్లా కేంద్రంలో ఉచిత గది. రెండవది సభ్యుల గ్రామాలకు సగటున 6 కిలోమీటర్ల దూరంలోని మండల కేంద్రంలో నెలకు 3,000 రూపాయల అద్దె గది.

జిల్లా కేంద్రానికి వెళ్లే సభ్యునికి రానుపోను బస్సు ఛార్జీ 120 రూపాయలు, కోల్పోయే రోజు కూలి 500 రూపాయలు అనుకుంటే మొత్తం 620 రూపాయలు. కోరానికి కావలసిన 100 మందికి 62,000 రూపాయలు. మండల కేంద్రానికైతే ఛార్జీ 30 రూపాయలు, పూట కూలి 250 రూపాయలు కలిపి 280 రూపాయలు. 100 మందికి 28,000 రూపాయలు. ఒక్క సమావేశానికే తేడా 34,000 రూపాయలు. పాలక మండలి ఏడాదికి కనీసం నాలుగుసార్లు సమావేశం కావాలి. అవి ఇతర చోట్ల జరుపుకోవడానికి అవకాశం ఉన్నా, సాధారణంగా రికార్డులు ఉన్నచోటే జరుగుతాయి. 10 మంది డైరెక్టర్లకు నాలుగు సమావేశాలకు తేడా 13,600 రూపాయలు. రెండూ కలిపి ఏడాదికి 47,600 రూపాయలు. మండల కేంద్రంలో గది అద్దె ఏడాదికి 36,000 రూపాయలు మాత్రమే.

అంటే ఉచితంగా దొరికిన గది ఈ ఉదాహరణలో ఏడాదికి 11,600 రూపాయలు అదనపు భారం మోపుతున్నది. ఆ భారం కంపెనీ జమాఖర్చులలో కనిపించదు. సభ్యుల జేబుల నుంచి పోతుంది. ప్రతి కంపెనీ తన ప్రాంతపు ఛార్జీలు, కూలి రేట్లు, అద్దెలతో ఇదే లెక్కను వేసుకొని చూడవచ్చు.

నాలుగు ప్రత్యామ్నాయాలు

ప్రోత్సాహక సంస్థ లేదా ఆడిటర్ కార్యాలయం: తొలి రోజులలో ఇది సులువైన మార్గం. పత్రాలు సిద్ధంగా ఉంటాయి, ఉత్తరాలు తీసుకునే సిబ్బంది ఉంటారు. అయితే ప్రోత్సాహక సంస్థల సహకారం పథకం కాలపరిమితికి లోబడి ఉంటుంది. సంస్థ తన పని ముగించుకొని వెళ్లిన నాడు చిరునామా కూడా వెళ్లిపోతుంది. కేంద్ర పథకం కింద ఒక్కో సంఘానికి మూడేళ్లలో 18 లక్షల రూపాయల వరకు లభించే నిర్వహణ సాయంలో కార్యాలయ అద్దె కూడా ఒక పద్దు. కనుక ఆ సాయం అందుతున్న కాలంలోనే సొంత ఊరిలో కార్యాలయం ఏర్పరచుకోవడం వివేకం.

డైరెక్టర్ ఇల్లు: అద్దె ఉండదు, మనిషి ఎప్పుడూ అందుబాటులో ఉంటారు. కాని ఉత్పత్తిదారుల కంపెనీలో డైరెక్టర్ పదవీకాలం ఏడాదికి తగ్గకుండా, ఐదేళ్లకు మించకుండా ఉంటుంది. పదవి ముగిసినా, మనస్పర్థలు వచ్చినా కంపెనీ చిరునామా, పుస్తకాలు ఆ ఇంట్లోనే ఉండిపోతాయి. సభ్యులలో కొందరు ఆ గడప తొక్కడానికి వెనుకాడే సామాజిక పరిస్థితులు కూడా గ్రామాలలో ఉండవచ్చు. మహిళా సభ్యులు, కౌలు రైతులు నిస్సంకోచంగా రాగలిగే చోటు అవునా కాదా అన్నది తప్పక ఆలోచించాలి. ఇంటినే ఎంచుకోవలసి వస్తే, వీధి వైపు విడిగా ద్వారం ఉన్న గదిని తీసుకొని, పదవీకాలంతో సంబంధం లేని లిఖిత ఒప్పందం చేసుకోవాలి.

ప్రభుత్వ లేదా సహకార భవనంలో గది: గ్రామంలోని రైతు వేదిక, రైతు సేవా కేంద్రం, ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం, మార్కెట్ యార్డు వంటివి రైతులకు పరిచితమైన చోట్లు. అయితే స్థానిక అధికారి నోటిమాట సరిపోదు. భవనం ఏ శాఖకు చెందినదో ఆ శాఖ నుంచి అధికారం గల వ్యక్తి ఇచ్చిన లిఖిత అనుమతి ఉండాలి. అధికారులు మారినప్పుడు, భవన వినియోగం మారినప్పుడు గది ఖాళీ చేయవలసి రావచ్చన్నది గుర్తుంచుకోవాలి.

అద్దె గది లేదా సొంత భవనం: సభ్యుల గ్రామాలకు మధ్యగా, బస్సు ఆగే ఊరిలో, కనీసం ఐదేళ్ల ఒప్పందంతో తీసుకున్న అద్దె గది చాలా కంపెనీలకు అనువైనది. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాలి. గోదాము, గ్రేడింగ్ కేంద్రం వంటి సొంత నిర్మాణం పూర్తయిన తరువాత కార్యాలయాన్ని అదే గ్రామ పరిధిలో అక్కడికి మార్చుకోవచ్చు. ఈ అవకాశం నిలవాలంటే తొలి గదిని తీసుకునేటప్పుడే భవిష్యత్తులో స్థలం దొరికే ఊరిని ఎంచుకోవాలి.

పత్రాలు – గ్రామాలలో ఎదురయ్యే చిక్కులు

చిరునామా ధ్రువీకరణకు ప్రధానంగా రెండు ఆధారాలు కావాలి. మొదటిది స్థలంపై హక్కు: కంపెనీ పేరిట రిజిస్టర్ అయిన దస్తావేజు, లేదా కంపెనీ పేరిట చేసుకున్న అద్దె ఒప్పందపు నోటరీ ప్రతితో పాటు నెల దాటని అద్దె రసీదు, లేదా యజమాని సమ్మతి పత్రంతో పాటు యాజమాన్య రుజువు. రెండవది ఆ చిరునామాను చూపే విద్యుత్, టెలిఫోన్ లేదా గ్యాస్ బిల్లు. అది రెండు నెలలకు మించి పాతది కాకూడదు. ఐఎన్‌సీ-22లో భవనం వెలుపలి, లోపలి ఛాయాచిత్రాలను కూడా జతచేయాలి. లోపలి చిత్రంలో ఫారంపై సంతకం చేసే డైరెక్టర్ కనిపించాలి.

గ్రామాలలో ఈ పత్రాల సేకరణ అంత సులువు కాదు. గ్రామకంఠంలోని పాత ఇళ్లకు రిజిస్టర్డ్ దస్తావేజు ఉండకపోవచ్చు. విద్యుత్ మీటరు ఎప్పుడో మరణించిన తాతగారి పేరిట ఉండవచ్చు. బిల్లుపై తలుపు సంఖ్యకు బదులు సర్వీసు నంబరు, ఊరి పేరు మాత్రమే ఉండవచ్చు. ఇంటి పన్ను రసీదులోని సంఖ్యకూ, బిల్లులోని సంఖ్యకూ పొంతన కుదరకపోవచ్చు. అందువల్ల గదిని ఖరారు చేయడానికి ముందే పంచాయతీ ఇంటి పన్ను రసీదును, తాజా విద్యుత్ బిల్లును పక్కపక్కన పెట్టి పేరు, తలుపు సంఖ్య, పిన్‌కోడ్ సరిచూడాలి. మీటరు గతించిన వారి పేరిట ఉంటే వారసుల సమ్మతితో విద్యుత్ పంపిణీ సంస్థలో పేరు మార్పించుకోవాలి. ఉమ్మడి ఆస్తి అయితే అన్నదమ్ములందరి సంతకాలతో సమ్మతి పత్రం తీసుకోవడం భావి వివాదాలను నివారిస్తుంది. పొలంలోని పంపుసెట్టు గది ఎంత విశాలంగా ఉన్నా, తలుపు సంఖ్య, బిల్లు లేకుండా ఈ అవసరానికి పనికిరాదు.

కార్యాలయం, గోదాము ఒకే చోట ఉండనవసరం లేదు

నమోదిత కార్యాలయం ఉన్నచోటే వ్యాపారం జరగాలన్న నియమం లేదు. ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల విక్రయ లైసెన్సులు ఆయా విక్రయ, నిల్వ స్థలాలకు సంబంధించినవి. వస్తు సేవల పన్ను నమోదులో ప్రధాన వ్యాపార స్థలంతో పాటు అదనపు స్థలాలను చూపవచ్చు. కాబట్టి లారీ తిరగడానికి అనువైన రహదారి పక్కన గోదాము, సభ్యులు రావడానికి అనువైన ఊరిలో కార్యాలయం ఏర్పాటు చేసుకోవచ్చు. పురుగుమందులను కార్యాలయ గదిలో నిల్వ చేయడం మాత్రం ఏ విధంగానూ తగదు.

చిరునామా మార్పు – దూరం పెరిగేకొద్దీ పెరిగే శ్రమ

అదే గ్రామం లేదా పట్టణ పరిధిలో కార్యాలయాన్ని మార్చాలంటే పాలక మండలి తీర్మానం చాలు. 30 రోజులలోగా రిజిస్ట్రార్‌కు తెలియజేయాలి. గ్రామ పరిధి దాటి అదే రాష్ట్రంలోని మరొక ఊరికి మార్చాలంటే సభ్యుల ప్రత్యేక తీర్మానం అవసరం. అంటే సర్వసభ్య సమావేశంలో ఓటు వేసినవారిలో నాలుగింట మూడు వంతుల మంది అంగీకరించాలి. పట్టణంలోని చిరునామాను పల్లెకు మార్చుకోవడానికి కూడా ముందు కోరంతో సభ జరగాలి. కోరం కుదరని కారణంగానే చిరునామా మార్చదలచిన కంపెనీకి ఇది పెద్ద అడ్డంకి.

ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి మార్చడం మరింత క్లిష్టం. ప్రత్యేక తీర్మానంతో పాటు పత్రికా ప్రకటనలు, రుణదాతలకు నోటీసులు, కేంద్ర ప్రభుత్వ ఆమోదం అవసరమవుతాయి. కంపెనీ గుర్తింపు సంఖ్యలో రాష్ట్రాన్ని తెలిపే అక్షరాలు ఉంటాయి గనుక ఆ సంఖ్య కూడా మారుతుంది. ఆంధ్రప్రదేశ్ కంపెనీల రిజిస్ట్రార్ కార్యాలయం విజయవాడలో, తెలంగాణ కార్యాలయం హైదరాబాద్‌లో ఉన్నాయి. తిరువూరు–సత్తుపల్లి, కర్నూలు–గద్వాల వంటి సరిహద్దు ప్రాంతాలలో రెండు రాష్ట్రాల రైతులు కలిసి కంపెనీ పెట్టదలచినప్పుడు, సభ్యులలో ఎక్కువమంది ఏ రాష్ట్రంలో ఉన్నారు, లైసెన్సులు, రుణాలు ఎక్కడ పొందవలసి ఉంటుంది అన్నవి చూసి ముందే నిర్ణయించుకోవాలి.

ఉత్తరం అందకపోతే

కంపెనీకి పంపవలసిన నోటీసులను, న్యాయస్థానాల సమన్లను నమోదిత చిరునామాకు పంపుతారు. సరైన చిరునామాకు తపాలా ద్వారా పంపిన ఉత్తరం సాధారణంగా అందినట్లే చట్టం భావిస్తుంది. గదికి తాళం వేసి ఉండటం కంపెనీకి రక్షణ కాదు.

కంపెనీ వ్యాపారం నిర్వహించడం లేదని సహేతుకంగా అనుమానం కలిగితే రిజిస్ట్రార్ నమోదిత కార్యాలయాన్ని స్వయంగా తనిఖీ చేయించవచ్చు. స్థానికులైన ఇద్దరు సాక్షుల సమక్షంలో, ఛాయాచిత్రాలతో ఈ తనిఖీ జరుగుతుంది. అక్కడ కార్యాలయం లేదని తేలితే కంపెనీ పేరును రిజిస్టరు నుంచి తొలగించే ప్రక్రియ ప్రారంభం కావచ్చు. ముందుగా కంపెనీకి, డైరెక్టర్లకు నోటీసు పంపి 30 రోజుల గడువు ఇస్తారు. ఆ నోటీసు కూడా పాత చిరునామాకే వెళ్తే గడువు తెలియకుండానే ముగుస్తుంది. పేరు తొలగిపోయిన కంపెనీ కొత్తగా వ్యాపారం చేయలేదు, లైసెన్సులను పునరుద్ధరించుకోలేదు. జాతీయ కంపెనీ చట్ట న్యాయాధికరణాన్ని ఆశ్రయించి పునరుద్ధరణ కోరే అవకాశం ఉన్నా, ఆ ఖర్చు, కాలయాపన చిన్న రైతుల సంఘానికి మోయలేని బరువు. అంతవరకు వందలాది కుటుంబాలు కూడబెట్టిన వాటా ధనం అనిశ్చితిలో పడుతుంది.

పాలక మండలికి సూచనలు

1. సభ్యుల గ్రామాలను పటంలో గుర్తించి, ఎక్కువమందికి ఒక్క బస్సులో చేరుకోగల ఊరిని ఎంచుకోవాలి.
2. ఆ ఊరిలో సభ్యులలో నాలుగో వంతు కూర్చోగల స్థలం ఉన్నదో లేదో నమోదుకు ముందే చూసుకోవాలి.
3. ఉత్తరాలు స్వీకరించే బాధ్యతను పేరుతో సహా తీర్మానంలో రాయాలి. ముఖ్య కార్యనిర్వహణాధికారి పర్యటనలో ఉన్నప్పుడు ఎవరు తీసుకోవాలో కూడా నిర్ణయించాలి.
4. వచ్చిన ఉత్తరాల రిజిస్టరును నిర్వహించి ప్రతి పాలక మండలి సమావేశంలో చదివి వినిపించాలి.
5. గ్రామ తపాలా కార్యాలయంలో కంపెనీ పేరు, బాధ్యుల ఫోను నంబరు తెలియజేయాలి.
6. అద్దె ఒప్పందం ముగియడానికి ఆరు నెలల ముందే పునరుద్ధరణపై నిర్ణయం తీసుకోవాలి.
7. చిరునామా మారిన వెంటనే రిజిస్ట్రార్‌తో పాటు బ్యాంకు, పన్ను, లైసెన్సు అధికారులకు తెలియజేయాలి. డైరెక్టర్ల వ్యక్తిగత చిరునామాలు మారినా రికార్డులలో సరిచేయించాలి.

ముగింపు

నమోదిత కార్యాలయం విశాలంగా ఉండనవసరం లేదు. తెలుగులో బోర్డు, ఒక బల్ల, పుస్తకాలు భద్రపరచే బీరువా, పనివేళలలో తలుపు తీసి ఉంచే మనిషి ఉంటే చాలు. అది సభ్యులకు అందుబాటులో ఉండాలి. ఏ ఒక్క వ్యక్తి పదవితోనో, ఏ ఒక్క పథకం కాలపరిమితితోనో ముగిసిపోనిదై ఉండాలి. కొత్తగా కంపెనీ స్థాపించే రైతులు ఈ రెండు కొలతలతో స్థలాన్ని ఎంచుకోవాలి. ఇప్పటికే పట్టణ చిరునామాతో నడుస్తున్న కంపెనీలు రాబోయే సర్వసభ్య సమావేశం ఎజెండాలోనే కార్యాలయ మార్పు అంశాన్ని చేర్చి, ప్రోత్సాహక సంస్థ సహకారం కొనసాగుతున్న కాలంలోనే దానిని పూర్తి చేసుకోవడం శ్రేయస్కరం.